ఒక్క అడుగే... ఓర్పుతో!

తెల్లబంటు రెండు గడులు దూకుతుంది. నల్లబంటు ఒకే ఒక్క గడి కదులుతుంది. భయపడిందనుకుంటే పొరపాటే. అసలు కథ అక్కడే మొదలవుతుంది. రెండు వందల ఏళ్లుగా చదరంగపు మేధావులను తిప్పలు పెడుతున్న ఆ ఎత్తు పేరు... ఫ్రెంచ్ డిఫెన్స్. 2024లో మన తెలుగింటి కుర్రాడు గుకేశ్ ప్రపంచ విజేత అయ్యే దారిలో మొదటి దెబ్బ తిన్నది కూడా దాని చేతిలోనే!

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు రాళ్లను చూడనివాళ్లు ఆ జిల్లాలో తక్కువే. పైకి చూస్తే కదలని మెదలని బండలు. సందు దొరికినచోటల్లా నీళ్లు. 2013లో ‘బాహుబలి’ చిత్రీకరణ మొదలైంది ఆ రాళ్ల నడుమే. అలాంటి బండను చీల్చాలంటే ఏం చేయాలో సీమలో రాళ్లు కొట్టేవాళ్లనడగండి. నడినెత్తిన బాదితే సమ్మెట ఎగిరొస్తుందే తప్ప రాయి చీలదు. పొర ఎక్కడుందో చూడాలి. సరిగ్గా అక్కడ ఉలి పెట్టాలి. తొందరపడకుండా కొట్టాలి. ఊరి పేరులోనే ఓర్పు వినిపిస్తున్నట్టుంటుంది కదూ... ఆ ఓర్పే చదరంగం బల్ల మీద ఫ్రెంచ్ డిఫెన్స్‌గా కనిపిస్తుంది.

చదరంగంలో మొదటి పది పన్నెండు ఎత్తులను ‘ఓపెనింగ్’ అంటారు. ఇంటికి పునాది లాంటిదది. పునాదిని బట్టి గోడలు లేచినట్టే, ఓపెనింగ్‌ను బట్టి ఆట నడుస్తుంది. కొన్ని ఓపెనింగ్‌లు దూకుడుగా ఉంటాయి. కొన్ని మర్యాదగా సాగిపోతాయి. ఫ్రెంచ్ డిఫెన్స్ మాత్రం వేరే రకం. ముందు ఇరుకులో కూర్చోవడానికి ఒప్పుకొంటుంది. తర్వాత ఎదుటివాడి కోటకు మొదట్లో గునపం వేస్తుంది.

ఉత్తరాల్లో యుద్ధం

దీనికి ఫ్రెంచ్ అన్న పేరెలా వచ్చిందో తెలియాలంటే 1834కు వెళ్లాలి. అప్పట్లో లండన్, పారిస్ నగరాల చెస్ క్లబ్బుల మధ్య ఓ పందెం మొదలైంది. ఎదురెదురుగా కూర్చుని కాదు... ఉత్తరాలతో! ఇక్కడివాళ్లు ఒక ఎత్తు రాసి పంపితే, అది సముద్రం దాటి వెళ్లాలి. అక్కడివాళ్లు తలలు బద్దలు కొట్టుకుని జవాబు పంపాలి. అలా రెండు ఆటలు పూర్తయ్యేసరికి 1836 వచ్చింది.

ఆ రోజుల్లో తెల్లపావులవాళ్లు రాజు ముందున్న బంటును రెండు గడులు తోస్తే, నల్లపావులవాళ్లూ తమ బంటును రెండు గడులు తోసి ఎదురు నిలబడటం రివాజు. మగతనం అంటే అదేనని లెక్క. కానీ పారిస్ జట్టు అలా చేయలేదు. జట్టులో ఒకడైన షామూయే నచ్చజెప్పడంతో బంటును ఒక్క గడే కదిపి ఊరుకుంది. చివరికి రెండు ఆటలూ పారిస్‌వే! అప్పటినుంచి ఆ ఎత్తుకు ఫ్రెంచ్ డిఫెన్స్ అన్న పేరు స్థిరపడిపోయింది.

అన్నట్టు... బంటు ఒక్క అడుగే వేయడం మన పెద్దవాళ్లకు కొత్త కాదు. మన దేశపు పాత పద్ధతి చదరంగంలో బంటుకు మామూలుగా ఒక్క గడి నడకే. మొదటి ఎత్తులో రెండు గడులు దూకడం యూరప్‌వాళ్లు తెచ్చిన వేగం. ఆ లెక్కన తాతల కాలంనాటి ఆటగాడికి ఈ ఫ్రెంచ్ నడక చూస్తే చుట్టరికం కనిపించినా ఆశ్చర్యం లేదు.

రెండు ఎత్తుల్లో రంగం సిద్ధం

ఇంట్లో చెస్ బోర్డు ఉంటే తెచ్చుకుని ముందు పెట్టుకోండి. తెల్లపావుల వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి నిలువు వరసల పేర్లు ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్, జి, హెచ్. అడ్డ వరసలకు కింది నుంచి పైకి 1 నుంచి 8 అంకెలు. రాజు ముందున్న తెల్లబంటును ఈ4 గడికి తోయండి. నల్లబంటును ఈ6కు కదపండి. అంతే, ఫ్రెంచ్ డిఫెన్స్ మొదలైపోయింది.

తర్వాత తెల్లవాళ్లు మంత్రి ముందున్న బంటును డి4కు తెస్తారు. ఇప్పుడు బోర్డు మధ్యలో తెల్లబంట్లు రెండు భుజం భుజం కలిపి నిలబడ్డాయి. ఊరి నడిబొడ్డున రచ్చబండ ఎక్కి కూర్చున్నట్టే. నల్లవాళ్లు ఊరుకుంటారా? మంత్రి ముందున్న బంటును డి5కు తోసి ‘ఈ4 బంటు సంగతేమిటి?’ అని నిలదీస్తారు. ముందు వేసిన ఒక్క అడుగు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. డి5 బంటును తెల్లవాళ్లు కొడితే తిరిగి కొట్టడానికి ఈ6 బంటు వెనకే కాపలా ఉంది.

ఇక్కడ తెల్లవాళ్ల ముందు నాలుగు దార్లు. ఒకటి, బంటుకు బంటు కొట్టేసుకోవడం. లండన్ జట్టు ఎంచుకున్న దారి అదే. గొడవ తగ్గుతుంది, ఆట సమంగా ఉంటుంది. రెండోది, ఈ4 బంటును ఈ5కు ముందుకు తోసేయడం. మూడోది, గుర్రాన్ని సి3కి తెచ్చి బంటును కాపాడుకోవడం. అన్నిటికన్నా వాడివేడిగా సాగేది ఇదే. నాలుగోది, గుర్రాన్ని డి2కు తెచ్చి జాగ్రత్తగా ఆడటం. జర్మనీ దిగ్గజం టారష్ పేరుతో ఈ పద్ధతిని పిలుస్తారు.

మూడో దారిలో నల్లవాళ్లు తమ గుర్రాన్ని ఎఫ్6కు తెస్తే, తెల్లబంటు ఈ5కు వచ్చి దాన్ని తరిమేస్తుంది. గుర్రం డి7కు వెనక్కి తగ్గుతుంది. మొదటి అధికారిక ప్రపంచ విజేత స్టైనిట్జ్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది. ఈ ఎత్తులు కాస్త గుర్తుంచుకోండి. టెహ్రాన్‌లో, సింగపూర్‌లో మళ్లీ ఎదురవుతాయి.

ఇంటివాళ్లే అడ్డమైతే...

ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడేవాళ్లకు ఒక తలనొప్పి తప్పదు. అది సి8 గడిలో ఉండే బిషప్. మన ఇళ్లలో దాన్నే శకటు అంటారు, కొందరు ఒంటె అంటారు. ఆ శకటు తెల్లగడుల మీదే నడుస్తుంది. నల్లబంట్లు కూర్చున్న ఈ6, డి5 కూడా తెల్లగడులే! అంటే సొంత బంట్లే గడపకు అడ్డంగా కూర్చున్నాయన్నమాట. శత్రువు కట్టేయలేదు, ఇంటివాళ్లే కట్టేశారు. అందుకే చెస్ పుస్తకాలు దాన్ని ‘చెడ్డ బిషప్’ అని నిష్ఠూరంగా పిలుస్తాయి.

మరి తెలిసి తెలిసి ఈ కష్టం కొనితెచ్చుకోవడం ఎందుకు? ఎందుకంటే దానికి బదులుగా నల్లవాళ్లకు రెండు లాభాలు. ఒకటి, రాజు ముందు గట్టి కట్టడి. రెండు, కొట్టాల్సిన చోటు ముందే తెలిసిపోవడం. తెల్లబంటు ఈ5కు వచ్చిందంటే డి4, ఈ5 బంట్లు ఒక గొలుసులా ఏర్పడతాయి. ఆ గొలుసు ఎక్కడికీ పారిపోలేదు. దాన్ని ఎలా తెంచాలన్నదే మిగతా ఆటంతా.

రీగా నగరంలో పుట్టిన నిమ్జోవిచ్ 1925 నాటి ‘మై సిస్టమ్’ పుస్తకంలో ఈ గొలుసుల శాస్త్రాన్ని విడమరిచి చెప్పాడు. బంట్ల గొలుసును కొట్టాలంటే కొసన కాదు, మొదట్లో కొట్టాలన్నది ఆయన సూత్రం. చెట్టును కొమ్మ దగ్గర నరికితే మళ్లీ చిగురిస్తుంది. మొదలు నరికితే కూలుతుంది. ఫ్రెంచ్ గొలుసుకు మొదలు డి4. అందుకే నల్లవాళ్లు సి5కు బంటును తోసి డి4ను పట్టుకుంటారు. తర్వాత సి6 గుర్రం, బి6 మంత్రి... అందరి చూపూ డి4 మీదే. సమయం చూసుకుని ఎఫ్6కు బంటును తోసి కొసనా గిల్లుతారు. ఆ గొలుసు విడిపోయిన రోజున ఇంతకాలం ఇంట్లో మగ్గిన చెడ్డ శకటుకూ బయటి ప్రపంచం కనిపిస్తుంది.

ఈలోగా తెల్లవాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోరు. ఈ5 బంటు నల్లగుర్రాన్ని ఎఫ్6 గడిలోకి రానివ్వదు. ఆ గుర్రమే లేకపోతే కోటలోకి చేరిన నల్లరాజుకు కాపలా తగ్గినట్టే. అదును దొరికితే తెల్లశకటు ఏకంగా హెచ్7 బంటును కొట్టి తనను తాను బలి ఇచ్చుకుంటుంది. రాజు దాన్ని చంపితే గుర్రం జి5కు వచ్చి చెక్ చెబుతుంది. వెనకే మంత్రి హెచ్5కు దిగుతుంది. ఆ తర్వాత చాలాసార్లు ఆటకట్టే! అందుకే ఫ్రెంచ్ ఆటను పరుగు పందెంతో పోలుస్తారు. తెల్లవాళ్లు రాజు వైపు పరిగెడతారు. నల్లవాళ్లు మంత్రి వైపు గొలుసు తెంచుతారు. ఎవరు ముందు చేరితే వాళ్లదే గెలుపు.

ఓడినా వదలరు

ఫ్రెంచ్ డిఫెన్స్‌ను నమ్ముకున్నవాళ్లలో ఓ విచిత్రం ఉంది. దెబ్బలు తిన్నా దాన్ని వదలరు. సోవియట్ ప్రపంచ విజేత బోత్విన్నిక్‌కు ఇది ఇష్టమైన ఆయుధం. 1960 ప్రపంచ పోటీ మొదటి ఆటలో దీన్నే ఆడి కుర్ర ఆటగాడు తాల్ చేతిలో ఓడిపోయాడు. తూర్పు జర్మనీకి చెందిన ఉల్‌మాన్ అయితే తెల్లబంటు ఈ4కు వచ్చిందంటే చాలు, దాదాపు జీవితాంతం ఫ్రెంచ్‌తోనే జవాబిచ్చాడు. అదే 1960లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఆయన ఫ్రెంచ్ ముందు తలవంచినవాడు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ బాబీ ఫిషర్!

ఇక కోర్చ్‌నోయ్ సంగతి. 1974లో కార్పోవ్‌తో జరిగిన క్యాండిడేట్స్ ఫైనల్లో ఆయన పదే పదే ఫ్రెంచ్ ఆడాడు. పోటీలో గెలిచింది కార్పోవే. కానీ ఫ్రెంచ్ మీద మాత్రం ఒక్క ఆటా గెలవలేకపోయాడు. అదీ ఆ గోడ గట్టిదనం.

టెహ్రాన్‌లో ఆనంద్

మన దేశానికి తొలి ప్రపంచ చెస్ కిరీటం వచ్చింది 2000 డిసెంబరులో. టెహ్రాన్‌లో జరిగిన ఫిడే ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో విశ్వనాథన్ ఆనంద్ ప్రత్యర్థి షిరోవ్. కిరీటాన్ని ఖాయం చేసిన నాలుగో ఆటలో షిరోవ్ నల్లపావులతో ఎంచుకున్నది ఏమిటో తెలుసా? ఫ్రెంచ్ డిఫెన్స్! ఆనంద్ గుర్రాన్ని సి3కి తెచ్చాడు. బంటును ఈ5కు తోశాడు. అదే స్టైనిట్జ్ దారి. ఆట గెలిచాడు, జగజ్జేత అయ్యాడు. అంటే మన తొలి కిరీటం ఫ్రెంచ్ గోడను పగలగొట్టి తెచ్చుకున్నదే.

ఇరవై నాలుగేళ్ల తర్వాత అదే గోడ ముందు మరో కుర్రాడు నిలబడ్డాడు.

సింగపూర్‌లో గుకేశ్

2024 నవంబరు 25. సింగపూర్. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్‌కు అప్పుడు 18 ఏళ్లు. ఎదుట ప్రపంచ విజేత, చైనా ఆటగాడు డింగ్ లిరెన్. డింగ్ అప్పుడు గడ్డుకాలంలో ఉన్నాడు. ఆ ఏడాది జనవరి తర్వాత క్లాసికల్ ఆట ఒక్కటీ గెలవలేదు. గుకేశ్‌దే పైచేయి అని చాలామంది లెక్కలు కట్టేశారు.

మొదటి ఆటలో గుకేశ్ తెల్లబంటును ఈ4కు తోశాడు. డింగ్ నల్లబంటును ఒక్క గడి కదిపాడు... ఈ6!

ఆ ఎత్తు వేయడానికి డింగ్‌కు గుండె ధైర్యం కావాల్సిందే. ఎందుకంటే 2023లో ఆస్తానాలో నెపోమ్నియాచితో జరిగిన ప్రపంచ పోటీ ఏడో ఆటలో ఆయన ఇదే ఫ్రెంచ్ ఆడాడు. గడియారం తరుముతుంటే చేతులాడక ఓడిపోయాడు. ఆ పోటీ చివరికి గెలిచినా ఆ ఓటమి చిన్నదేం కాదు. అయినా ఏడాదిన్నర తర్వాత, తన కిరీటం పణంగా ఉన్న పోటీలో, మొదటి ఆటలోనే మళ్లీ అదే బంటును ముట్టుకున్నాడు.

గుకేశ్ స్టైనిట్జ్ దారి పట్టాడు. పదో ఎత్తుకే జి4కు బంటును తోసి రాజు వైపు దాడికి దిగాడు. డింగ్ కంగారుపడలేదు. అటు చివరనున్న ఏ బంటును మెల్లగా ముందుకు నడిపాడు. అటు పరుగు, ఇటు ఓర్పు. 42 ఎత్తులు ముగిసేసరికి ఓర్పే గెలిచింది. తొలి ప్రపంచ పోటీ, తొలి ఆట, అదీ తెల్లపావులతో... ఓటమి!

ఆ రాత్రి ఓ పద్దెనిమిదేళ్ల కుర్రాడి మనసులో ఏముంటుందో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. పరీక్షలో మొదటి పేపరే పోతే మిగతావి రాయాలనిపించదు. కానీ గుకేశ్ మూడో ఆటలో వేరే ఓపెనింగ్‌తో గెలిచి లెక్క సరిచేశాడు. అంతటితో ఈ4 జోలికి వెళ్లకుండా ఉండొచ్చు. వెళ్లాడు! ఐదో ఆటలో మళ్లీ ఈ4. మళ్లీ ఫ్రెంచ్. ఈసారి 1834లో లండన్ పట్టిన దారిలో బంటుకు బంటు కొట్టేసుకున్నాడు. డ్రా. పన్నెండు ఆటలయ్యేసరికి ఇద్దరికీ చెరి ఆరు పాయింట్లు. డిసెంబరు 11న పదమూడో ఆట. తెల్లపావులతో గుకేశ్‌కు అదే ఆఖరి అవకాశం. మళ్లీ ఈ4. డింగ్ జవాబు మళ్లీ ఈ6. గుకేశ్ కొత్త ఎత్తులతో ఊపిరాడనివ్వలేదు. డింగ్ అంచున నిలబడి కాచుకున్నాడు. అరవై ఎత్తులు దాటాక డ్రా. మర్నాడు పద్నాలుగో ఆటలో డింగ్ చేసిన తప్పును పట్టుకుని గుకేశ్ గెలిచాడు. ఏడున్నర, ఆరున్నర పాయింట్లతో కిరీటం అతని సొంతమైంది.

లెక్క చూడండి. మూడు ఫ్రెంచ్ ఆటల్లో గుకేశ్‌కు ఒక ఓటమి, రెండు డ్రాలు. గోడ పగల్లేదు. కానీ గోడకు భయపడి పక్కకు తప్పుకోని కుర్రాడికే కిరీటం దక్కింది. ఓడి కూడా మళ్లీ అదే బంటును ముట్టుకున్న డింగ్‌ది ఎంత ధైర్యమో, దెబ్బ తగిలిన తలుపునే మళ్లీ తట్టిన గుకేశ్‌దీ అంతే ధైర్యం.

గుంటూరు గురువు

ఈ కథలో తెరవెనక మరో తెలుగువాడున్నాడు. గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ. 2001లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్. 2004లో ప్రపంచ జూనియర్ విజేత. 2016లో ప్రపంచ ర్యాంకుల్లో పదో స్థానం దాకా ఎదిగాడు. ఫ్రెంచ్ డిఫెన్స్ లోతుపాతులు తెలిసినవాళ్లలో ఆయనది పెద్ద పేరు. నల్లపావులతో దాన్ని ఎలా ఆడాలో పాఠాలు చెప్పాడు. గుర్రాన్ని సి3కి తెచ్చి దాన్ని ఎలా ఓడించాలో 2021లో ఏకంగా పుస్తకం రాశాడు. తాళమూ ఆయనే, తాళంచెవీ ఆయనే!

సింగపూర్ పోటీలో గుకేశ్‌కు రహస్యంగా సాయపడిన బృందంలో హరికృష్ణ ఒకడు. ఆ సంగతి గుకేశ్ గెలిచాకే లోకానికి తెలిసింది. అంతకు మూడు నెలల ముందు 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన భారత పురుషుల జట్టులో గుకేశ్, హరికృష్ణలతో పాటు వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ కూడా ఉన్నాడు. అయిదుగురిలో ముగ్గురు తెలుగు మూలాలున్నవాళ్లే. మహిళల జట్టూ స్వర్ణమే గెలిచింది. అందులో గుంటూరు ద్రోణవల్లి హారిక ఉంది.

ఇంట్లో ఆడి చూడండి

ఈ ఆదివారం పిల్లలతో ఓ ఫ్రెంచ్ ఆట ఆడండి. నల్లపావులతో ఆడేవాళ్లు ఈ మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలు.

ఒకటి: తెల్లబంటు ఈ5కు రాగానే సి5కు బంటును తోయండి. ఆలస్యం చేస్తే ఇరుకులోనే ఉండిపోతారు.

రెండు: చెడ్డ శకటును మరిచిపోవద్దు. డి7కు తెచ్చి ఏదో ఒక పని అప్పగించండి. పని లేని పావు ఉన్నా లేనట్టే.

మూడు: హెచ్7 బంటు వైపు తెల్లశకటు గురిపెట్టి ఉంటే రాజును కోటలోకి పంపే ముందు రెండుసార్లు ఆలోచించండి.

తెల్లపావులవాళ్లకూ ఓ సరదా వల ఉంది. బల్ల మీద పేర్చి చూడండి. ఈ4, ఈ6. డి4, డి5. ఈ5, సి5. తెల్లబంటు సి3కి వస్తుంది, నల్లగుర్రం సి6కు. తెల్లగుర్రం ఎఫ్3కి, నల్లమంత్రి బి6కు. తెల్లశకటు డి3కి రాగానే నల్లబంటు డి4ను కొడుతుంది. తెల్లబంటు తిరిగి కొడుతుంది. ఇప్పుడు డి4 బంటు ఊరికే దొరికినట్టు కనిపిస్తుంది. ఆశపడి నల్లగుర్రం దాన్ని కొడితే తెల్లగుర్రం ఆ గుర్రాన్ని చంపుతుంది. నల్లమంత్రి దాన్ని చంపి డి4లో కూర్చుంటుంది. అప్పుడు తెల్లశకటు బి5కు దూకి రాజుకు చెక్ చెబుతుంది. శకటు పక్కకు తప్పుకోగానే వెనకున్న తెల్లమంత్రి చూపు నేరుగా నల్లమంత్రి మీద! రాజును కాపాడుకునేలోగా మంత్రి పోయినట్టే.

మందు చాలా సులువు. బంటును కొట్టే ముందు మన చెడ్డ శకటును డి7లో పెట్టేయాలి. అప్పుడు బి5లో చెక్ చెప్పడానికి వచ్చిన తెల్లశకటే బలవుతుంది. ఒక్క ఎత్తు ఆగినవాడికి బంటు దక్కే అవకాశం ఉంటుంది, ఆగనివాడికి మంత్రి పోతుంది. నిదానమే ప్రధానం అని పెద్దలు ఊరికే అన్నారా!

పిల్లాడు ఓడిపోయి బల్ల మీద పావులన్నీ కలిపేస్తే కోప్పడకండి. మళ్లీ పేర్చమనండి. ఈసారీ అదే బంటు... అదే ఒక్క గడి!